ఆదివారం దాకా బతకని ఎర

కర్నూలు నుంచి వచ్చిన ఉత్తరం ఇది. నాలుగు పేజీలు ఉంది. పేరు, వీధి బయటపెట్టొద్దన్నారు కాబట్టి ముఖ్యమైన సంగతులు నా మాటల్లో చెబుతాను.

రాసిన ఆయనకు 36 ఏళ్లు. ఒక దుకాణంలో లెక్కలు చూస్తారు. భార్య ప్రైవేటు స్కూల్లో టీచరు. 8 ఏళ్ల పాప ఉంది. 71 ఏళ్ల నాయన కూడా వాళ్లతోనే ఉంటారు. అమ్మ పోయి రెండేళ్లయింది. అప్పటినుంచి పెద్దాయన ఇంట్లో అడిగినదానికి జవాబు చెప్పడం తప్ప తనంతట తాను మాట్లాడడం మానేశారు. ఒక్క ఆదివారం మాత్రం తెల్లవారకముందే కొడుకుతో కలిసి కె.సి. (కర్నూలు-కడప) కాలువ గట్టుకు పోయి గాలం వేస్తారు. "ఆ నాలుగు గంటల్లో మా నాయన నాతో మాట్లాడినంత మిగతా వారమంతా కలిపినా మాట్లాడడు. చేప పడిందా లేదా అన్నది నాకు లెక్క కాదు" అని రాశారు.

చిక్కు ఎర దగ్గర వచ్చింది. హంద్రీ నది వైపు పాత ఇంట్లో ఉన్నప్పుడు పెరట్లో స్నానాల నీళ్లు పోయే చోట గునపంతో రెండు పోట్లు పొడిస్తే కావలసినన్ని ఎర్రలు (వానపాములు) దొరికేవట. 2009 అక్టోబరు వరదకు ఆ ఇల్లు మునిగింది. తర్వాత దాన్ని అమ్మేసి కొత్త కాలనీలో మొదటి అంతస్తులోకి మారారు. అక్కడ చుట్టూ సిమెంటే. సోమవారం వసూళ్ల పని మీద నంద్యాల రోడ్డు వైపు పోయినప్పుడు, వర్మీకంపోస్టు చేసే ఒక రైతు దగ్గర వానపాములు కొనుక్కొస్తారు. వేలికన్నా పొడవు, ఊదారంగు మెరుపు ఉన్నవి. ఇంకో రోజు అటు పోవడానికి వీల్లేదు. అంటే ఆదివారం దాకా ఆరు రోజులు వాటిని బతికించుకోవాలి. ఫోన్లో ఏదో వీడియో చూసి, మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో నల్లమట్టి పోసి వాటిని ఫ్రిజ్‌లో పెట్టారు. గురువారానికల్లా సగం చచ్చేవి. ఒక వారం డబ్బా మూత ఊడింది. భార్య కరివేపాకు కవర్లో చెయ్యి పెడితే వానపాము తగిలింది. ఆమె ఏమీ అనలేదు. ఫ్రిజ్‌లోని సామాన్లన్నీ బయట పెట్టి రాత్రి 11 దాకా కడిగారు. "తిట్టినా బాగుండేది" అంటారు ఈయన.

దాంతో వానపాములు మానేసి చిన్నచేపలకు మారారు. ఒక ఆదివారం సాయంత్రం కాలువలో పాత చీరతో 50 దాకా పరిగెలు పట్టి, 15 లీటర్ల బకెట్లో వేసి బాత్రూంలో పెట్టారు. పాప కొన్నిటికి పేర్లు కూడా పెట్టింది. రాత్రి రెండుసార్లు లేచి కుళాయి కింద పెట్టి నీళ్లు మార్చారు. తెల్లారేసరికి అన్నీ తేలిపోయాయి. పాప స్కూలుకు పోనని ఏడ్చింది. పెద్దాయన మారు మాట్లాడకుండా బకెట్ తీసుకుపోయి పారబోసి వచ్చారు. గాలపు కర్రను మిద్దె మీద ఒక మూలకు ఆనించి "ఇంక చాల్లే" అన్నారు. మూడు ఆదివారాలు పోయాయి, ఎవరూ గట్టుకు పోలేదు.

అడిగినవి ఇవి: ఎరను వారం రోజులు ఎలా బతికించాలి? దానికోసం వాయిదాల్లో ఒక చిన్న ఫ్రిజ్ కొనాలా? భార్యకు ఎలా నచ్చజెప్పాలి? నాయనను మళ్లీ గట్టుకు ఎలా తీసుకుపోవాలి?

సమాధానం

మీ కాలువ నీళ్లే మా కడప వైపు వస్తాయి. సుంకేసుల దగ్గర మొదలై సుమారు 300 కిలోమీటర్లు పారే ఆ కాలువ గట్టు మీద మీలాగే ఎంతమంది తండ్రీకొడుకులు కూర్చున్నారో. నేనూ కూర్చున్నాను. మా మేనమామ నన్ను పుష్పగిరి దగ్గర పెన్నకు తీసుకుపోయేవాడు. ఏరు ఎండినా మడుగుల్లో నీళ్లుండేవి. కాబట్టి మీ ఉత్తరంలో "అది లెక్క కాదు" అన్న మాట నాకు బాగా అర్థమైంది.

ముందు ఒక సంగతి చెబితే మీ మనసు కొంచెం కుదుటపడుతుంది. మీ ఇంట్లో ఎవరూ నిర్లక్ష్యంగా లేరు. మీరు రాత్రిళ్లు లేచి నీళ్లు మార్చారు. మీ నాయన తనకు తెలిసింది చెప్పారు. ఇంత చేసినా ఎర చచ్చిందంటే, మీరు పెంచుతున్న ప్రాణి ఏదో మీకు సరిగ్గా తెలియకపోవడమే కారణం.

మీ నాయన "మట్టి పోసి తడి చేస్తే చాలు, నెల రోజులైనా ఉంటాయి" అన్నారని రాశారు కదా. ఆయన చెప్పింది తప్పు కాదు. పాత ఇంటి పెరట్లో దొరికినవి మన నేలలో బొరియలు చేసుకుని మట్టిలోనే బతికే రకాలు. వాటికి ఆ మాట సరిపోతుంది. ఇప్పుడు మీరు కొంటున్నవి వేరు. ఊదా మెరుపు, ఆ పొడవు చూస్తే మన దగ్గర వర్మీకంపోస్టుకు ఎక్కువగా వాడే ఆఫ్రికా రకం లాగుంది. అవి మట్టిలో లోతుకు పోయేవి కావు. కుళ్లుతున్న పేడలో, ఆకుల్లో పైపైన ఉంటూ దాన్నే తింటాయి. వాటిని ఉత్త నల్లరేగడిలో వేస్తే తిండి లేదు. రేగడి తడిస్తే ముద్దయిపోతుంది కాబట్టి గాలి కూడా ఆడదు. వానపాముకు ఊపిరితిత్తులు ఉండవు, తడిగా ఉన్న చర్మంతోనే గాలి పీల్చుకుంటుంది. మూత బిగించిన డబ్బాలో, ముద్దమట్టిలో దానికి గాలి ఎక్కడిది?

ఇక ఫ్రిజ్. మీరు చూసిన వీడియో అబద్ధం చెప్పి ఉండదు. చలిదేశాల్లో చలికి తట్టుకునే వానపాములు ఉన్నాయి, వాటిని నిజంగానే ఫ్రిజ్‌లో వారాల తరబడి ఉంచుకుంటారు. మీ దగ్గరున్నది వేడిదేశపు ప్రాణి. 10 డిగ్రీల లోపు చలికి అది నిలవలేదు. ఇంట్లో ఫ్రిజ్ 4 డిగ్రీల దగ్గర నడుస్తుంది. అంటే ఏ ఫ్రిజ్ గురించి మీ ఇంట్లో ఇంత మౌనం వచ్చిందో, ఎర చావడానికి ఆ ఫ్రిజ్ కూడా ఒక కారణమే. కొత్త ఫ్రిజ్ కొన్నా అదే జరుగుతుంది. వాయిదాలు మాత్రం మిగులుతాయి. మీ డబ్బు మీ ఇష్టం అనుకోండి, కానీ ఆ ఖర్చుకు ఫలితం నాకు కనిపించడం లేదు.

మరి ఏం చెయ్యొచ్చు? మా మామ చేసిన పద్ధతి చెబుతాను, అందులో మీ రకానికి తగిన మార్పులు కలుపుతాను. ఆయన దగ్గర ఒక పాత మట్టితొట్టి ఉండేది, అంచు పగిలింది. వేపచెట్టు నీడలో రెండు ఇటుకల మీద పెట్టి, చుట్టూ ఇసుక పోసి తడిపేవాడు. మట్టిపాత్ర గోడల్లోంచి నీళ్లు ఊరి ఆరుతుంటే లోపల చల్లబడుతుంది, మనం తాగేనీళ్ల కుండ లాగే. మన రాయలసీమ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఈ చల్లదనం మనకు ఇంకా బాగా పనిచేస్తుంది. మధ్యాహ్నం మూడింటికి నేను ఆ తొట్టిలో చెయ్యి పెట్టి చూసేవాణ్ని. బయట రాయి మీద కాలు పెట్టలేనంత ఎండ, లోపల చేతికి చల్లగా, మెత్తగా ఉండేది. పైన కప్పిన గోనెపట్ట ఎత్తితే, దాని అడుగునే అంటుకుని నాలుగైదు పాములు కనిపించేవి. వెలుతురు పడగానే చటుక్కున వెనక్కి జారుకునేవి. అలా జారుకుంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. వేలితో తాకినా ముడుచుకోకుండా, పాలిపోయి, ఉబ్బి పడి ఉంటే ఆ పాము పని అయిపోయినట్టే. దాన్ని వెంటనే తీసెయ్యాలి, లేకపోతే అది కుళ్లి తక్కినవాటినీ చెడగొడుతుంది.

మీకు చెట్టు లేదు, మొదటి అంతస్తు. మిద్దె మీద పెట్టాలనిపిస్తుంది, కానీ స్లాబు రాత్రి దాకా వేడి వదులుతూనే ఉంటుంది. కింద మెట్ల అడుగున చోటుంటే అది మేలు. లేకపోతే ఉత్తరం వైపు వరండా. వెడల్పుగా ఉన్న మట్టితొట్టి తీసుకుని అడుగున ఒక చిల్లు ఉండేలా చూడండి, నీళ్లు నిలవకూడదు. చిల్లు మీద ఇటుక ముక్కలు, ఆ పైన కొబ్బరిపీచు. దాని మీద జానెడు ఎత్తు పేడ. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. పచ్చిపేడ వెయ్యకూడదు. అది మాగేటప్పుడు వేడెక్కుతుంది, అమ్మోనియా వస్తుంది, పాములు పారిపోతాయి లేదా చస్తాయి. కనీసం 15, 20 రోజులు మాగిన పేడ కావాలి. మీకు వానపాములు అమ్మే రైతు దగ్గరే అది ఉంటుంది, ఒక సంచి అడగండి. వాటికి అలవాటైన పేడ కాబట్టి ఇంకా మంచిది. అందులో చింపిన పాత న్యూస్‌పేపరు, ఎండాకులు కలపండి, గాలి ఆడుతుంది.

తడి ఎంత ఉండాలో చేతితోనే తెలుస్తుంది. పిడికెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కడితే ఎక్కువైనట్టు, ఏమీ రాకపోతే తక్కువైనట్టు. పైన తడి గోనెపట్ట, దాని మీద గుడ్డ కట్టెయ్యండి. వానపడే రాత్రుల్లో ఇవి బయటికి పాకుతాయి, మీ ఇంట్లో ఇంకోసారి అలాంటిది జరగకూడదు. చీమలు పట్టకుండా తొట్టిని నీళ్లు పోసిన పళ్లెంలో ఇటుక మీద పెట్టండి. తిండికి కూరగాయల తొక్కలు, వాడిన టీపొడి, అరటితొక్క చాలు, వారానికి రెండుసార్లు, కొంచెం కొంచెం. ఉప్పు, కారం, ఊరగాయ, నిమ్మ, ఉల్లి, నూనె తగిలినవి ఒక్కటీ వద్దు. ఉప్పు వానపాముకు విషమే.

ఇలా పెడితే ఆరు రోజులు కాదు, నెలల తరబడి ఉంటాయి, పిల్లలు కూడా పెడతాయి. గుడ్లు పగిలి, పిల్లలు ఎరకు పనికొచ్చేంత ఎదగడానికి రెండు నెలలు పట్టొచ్చు కాబట్టి మొదట్లో ఎక్కువ తియ్యకండి. ఒక పొద్దుకు ఇద్దరికి 30 చాలవా? మీరు 100 తీసుకుపోయి 60 ఎండకు చంపి తెచ్చినట్టు రాశారు. తీసుకుపోయేటప్పుడు చిల్లులున్న చిన్న డబ్బాలో, అదే పేడతో, తడిగుడ్డ కప్పి తీసుకుపోండి. స్కూటర్ డిక్కీలో మాత్రం పెట్టొద్దు, ఎండలో అది పొయ్యి లాగా కాలుతుంది. వర్మీకంపోస్టు గురించి ఇంకా వివరంగా కావాలంటే మీ జిల్లాలోనే బనవాసిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, వెళ్లి అడగొచ్చు.

ఇప్పుడు ఆ బకెట్ సంగతి. దాని గురించి మీరు ఎక్కువ బాధపడుతున్నారు, అందుకే విడమరిచి చెబుతాను. 15 లీటర్లలో 50 చేపలు చాలా ఎక్కువ. చేప నీళ్లలో కరిగిన ఆక్సిజన్ తీసుకుంటుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ నిలుస్తుంది, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. నీళ్లు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది, చేపకు అవసరం మాత్రం పెరుగుతుంది. పైగా బకెట్ లోతు ఎక్కువ, వెడల్పు తక్కువ. నీళ్లలోకి గాలి దిగేది పైభాగం నుంచే. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే "ఆడుకుంటున్నాయి" అని పాప సంబరపడిందని రాశారు. అవి ఊపిరాడక అలా చేశాయి. ఇది చాలు అవి చావడానికి. దానికి తోడు మీరు నిద్ర మానుకుని మార్చిన నీళ్లు కుళాయి నీళ్లు. అందులో క్లోరిన్ ఉంటుంది, మనకు మంచిదే, కానీ చేప మొప్పలను కాల్చేస్తుంది. నీళ్లు మొత్తం ఒక్కసారి మార్చేసరికి వేడి తేడా కూడా తగిలింది. శ్రద్ధ తీసుకున్నారు, సరైన సంగతి ఎవరూ చెప్పలేదు. అంతకన్నా ఇందులో మీ తప్పు నాకు కనిపించడం లేదు.

చేపలనే వాడాలని ఉంటే రెండు దారులున్నాయి. ఒకటి, ఎప్పటి చేపలు అప్పుడే. పొద్దున గట్టుకు చేరగానే పదో పదిహేనో పట్టి, వలగుడ్డ కట్టిన బుట్టలో వేసి, ఆ బుట్టను పారే నీళ్లలోనే సగం ముంచి పెట్టండి. పని అయ్యాక మిగిలినవి అక్కడే వదిలెయ్యొచ్చు, అవి ఆ నీళ్లవే కాబట్టి. ఖర్చు లేదు, ఇంట్లో బకెట్ లేదు. కష్టమల్లా పొద్దున అరగంట పోతుంది, ఒక్కో రోజు చేపలు దొరక్కపోవచ్చు. రెండోది, ఇంట్లో ఉంచడం. అప్పుడు 40 లీటర్ల వెడల్పు టబ్బు కావాలి, వేలెడు చేపలు పదికి మించకూడదు, గాలి కొట్టే చిన్న మోటారు పెట్టాలి. నీళ్లు కాలువవే కావాలి, లేదంటే 24 గంటలు ఎండలో తెరిచి ఉంచిన కుళాయి నీళ్లు. రోజూ మూడో వంతు మాత్రం మార్చాలి. మేత దాదాపు పెట్టకూడదు, తిన్నకొద్దీ నీళ్లు చెడతాయి. ఇంత చేసినా కరెంటు పోయిన రాత్రి మళ్లీ మొదటికొస్తుంది. నన్నడిగితే మీ ఇంటికి రెండోది బరువు. చేపను వారం రోజులు ఇంట్లో ఆపాలనుకున్నప్పుడే మీ కష్టం రెట్టింపయింది.

మీ నాయన మట్టగిడసలు తెమ్మన్నారట. ఆయన అనుభవం మీద చెప్పిన మాట అది. కొరమీను జాతి కదా, పైకొచ్చి గాలి మింగి బతుకుతుంది, కొద్ది నీళ్లలోనైనా ఉంటుంది. నిజంగానే అవి ఎక్కువ రోజులు నిలుస్తాయి. కానీ బకెట్లోంచి ఎగిరి దూకుతాయి, ఒకదాన్నొకటి కొరుకుతాయి. బాత్రూం గచ్చు మీద పొద్దున్నే మీ భార్య కాలికి తగిలితే ఏమవుతుందో మీరే ఆలోచించండి. కొరమీను కోసం కప్ప అన్నారు, దాన్ని మాత్రం వదిలెయ్యమంటాను. కొన్ని రకాల కప్పలకు చట్టం రక్షణ ఉంది. కప్పకాళ్ల ఎగుమతిని 1987లోనే మన దేశం ఆపేసింది. పొలాల్లో పురుగును తినే ప్రాణి, దాన్ని బతికుండగా గాలానికి గుచ్చొద్దు.

ఎర బతికే ఉండాలన్న నియమం కూడా లేదు. బొచ్చె, రోహు లాంటివి పిండి ఎరకు బాగా వస్తాయి. వేరుశనగ చెక్కను నానబెట్టి తవుడుతో కలిపి ముద్ద చేస్తే గాలానికి పట్టుకుంటుంది. రాగిసంగటి ముద్ద కూడా పనిచేస్తుంది, మేము ఇంట్లో మిగిలిన సంగటే తీసుకుపోయేవాళ్లం. జెల్లలు మాత్రం వానపాముకే ఎగబడతాయి, మీ నాయనకు జెల్లలంటే ఇష్టమని రాశారు. కాబట్టి పిండి ఒక్కటే అంటే ఆయన ఒప్పుకోకపోవచ్చు. ఆయనకు వానపాము, మీకు పిండి అనుకోండి, తొట్టి మీద భారం సగం తగ్గుతుంది.

ఇంకో చిన్న మాట. మిగిలిన ఆఫ్రికా వానపాములను కాలువ గట్టున వదలొద్దు. అవి ఇక్కడివి కావు. తిరిగి తొట్టిలోకే తెచ్చుకోండి. చెరువుల వైపు పోయే రోజు వస్తే, ఆ చెరువు మత్స్యకారుల సంఘానికి ఉందేమో కనుక్కుని, అడిగి వెయ్యండి గాలం.

మీ భార్య గురించి. "ఎలా నచ్చజెప్పాలి" అని అడిగారు. ఆమెకు నచ్చజెప్పడానికి ఇందులో ఏముందో నాకు అర్థం కాలేదు. మీరు రాసిన నాలుగు పేజీల్లో ఆమె చేపలకు పోవద్దన్నది ఎక్కడా లేదు. కూరగాయల పక్కన ఆ డబ్బా పెడుతున్నట్టు ఆమెకు ముందు చెప్పారా? ఆ సంగతి ఉత్తరంలో లేదు, చెప్పలేదనుకుంటున్నాను. స్కూల్లో రోజంతా నిలబడి పాఠాలు చెప్పి వచ్చిన మనిషి రాత్రి 11 దాకా ఫ్రిజ్ కడిగారు, మీరు పక్కన నిలబడి చూశారు. తిట్టి ఉంటే మీకు తేలికయ్యేది, నిజమే, కానీ ఆమెకు తేలికయ్యేది కాదు.

ఆమెతో రెండు రకాలుగా మాట్లాడొచ్చు. ఫలానా చోట తొట్టి పెడదామనుకుంటున్నాను అని చెప్పి అనుమతి అడగడం ఒకటి. అలా అడిగితే ఆమె సరేనంటారు, కానీ మనసులో ఆ రాత్రి అలాగే ఉండిపోతుంది. రెండోది, ముందు ఆ రాత్రి గురించి మాట్లాడడం. "నీకు చెప్పకుండా పెట్టడం నా తప్పు, కడిగేటప్పుడు నేను చెయ్యి వెయ్యకపోవడం ఇంకా తప్పు" అని. తొట్టి మాట ఆ రోజు ఎత్తకండి. ఎత్తితే, తొట్టి కోసమే సారీ చెప్పినట్టు అవుతుంది. రెండు మూడు రోజులాగి, ఎక్కడ పెడితే ఆమెకు ఇబ్బంది ఉండదో ఆమెనే అడగండి. వద్దంటే? అప్పుడు ఆ వానపాములు ఇంటికి రాకూడదు. పిండి ఎరతో పోవచ్చు, లేదా ఆ రైతునే తన షెడ్డులో మీ వాటా ఉంచమని, శనివారం సాయంత్రం ఎవరైనా అటు నుంచి వచ్చేవాళ్లతో పంపమని అడగొచ్చు. కొంచెం ఖర్చవుతుంది, ఒక్కో వారం అందకపోవచ్చు.

పాప దగ్గర దాచకండి. చేపలు ఎందుకు చచ్చాయో నేను పైన రాసినట్టే చెప్పండి, 8 ఏళ్ల పిల్లకు అర్థమవుతుంది. తను ఆడుకుంటున్నాయనుకున్నది పొరపాటని తెలిసినప్పుడు బాధపడుతుంది, అప్పుడు పక్కనే కూర్చోండి. అవి ఎర కోసం తెచ్చినవని కూడా చెప్పాలి. తాత ఏం చేస్తాడో తెలిశాక "నేను చూడను" అంటే, బలవంతపెట్టొద్దు. తొట్టికి తొక్కలు వేస్తానంటే వెయ్యనివ్వండి, కానీ అవీ గాలానికి పోయేవేనని ముందే తెలిసి ఉండాలి. ఇంకోసారి పేర్లు పెట్టాక తెలియడం దానికి అన్యాయం.

మీ నాయన దగ్గరికి వస్తే నా చెయ్యి కొంచెం ఆగింది. ఈ వయసులో భార్య పోయిన మగవాళ్లకు రోజు ఎలా గడపాలో తెలియదు. పొద్దున లేచాక తన కోసం ఎదురుచూసే పని ఒకటీ ఉండదు. ఆ తొట్టి ఆయన చేతికి ఇస్తే ఎలా ఉంటుందని మొదట నాకు తోచింది. రోజూ గోనెపట్ట తడపాలి, పేడ పిడికిట పిండి తడి చూడాలి, చచ్చినదాన్ని తియ్యాలి. పది నిమిషాల పని, చేతిలో మెలకువ కావాలి, ఆయనకు ఆ మెలకువ ఉంది. ఆదివారమే కాకుండా మంగళవారం కూడా మీ ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఒక సంగతి దొరుకుతుంది.

కానీ దీనికి రెండో వైపు కూడా ఉంది. ఆయనను అడగకుండా పని అప్పగిస్తే, ఖాళీగా ఉన్నాడని ఏదో అంటగట్టారని అనుకోవచ్చు. ఒప్పుకున్నాక ఎండాకాలంలో పాములు చస్తే, బకెట్ రోజున పడిన బాధ మళ్లీ పడతారు. మోకాళ్ల నొప్పితో మెట్లు దిగలేని రోజు ఆ పని మీ భార్య మీద పడుతుంది, పడకూడదు. కాబట్టి ఇవ్వాలనుకుంటే, ఆయనకు వీలుకాని రోజు నేను చూస్తానని ఇంట్లో అందరి ముందు చెప్పండి, ఆ మాట తప్పకండి. లేకపోతే తొట్టి మీరే చూసుకోండి, ఆయనను సలహా మాత్రం అడుగుతుండండి. అందులో ఆయనకు బరువు లేదు, అయితే మీకు రోజూ పొద్దున ఇంకో పని.

ఎలా మొదలుపెట్టాలంటే, "నాయనా, గట్టుకు పోదాం రా" అని ఇప్పుడే పిలవకండి. మూడు వారాలుగా రానన్న మనిషి ఇంకోసారి కాదంటే ఆ మాట గట్టిపడిపోతుంది. ఎర రకం మారిందన్న సంగతి చెప్పండి. పెరట్లో ఎర్రల గురించి నువ్వు చెప్పింది నిజమే, ఇవి వేరే రకమట, పేడలో బతుకుతాయట, అని. ఆ బకెట్ పారబోసిన రోజు నుంచి, తనకు తెలిసింది ఇంక పనికిరాదని ఆయన అనుకుంటున్నారేమోనని నా అనుమానం. అది కాదని మీ నోటి నుంచి వినాలి. తర్వాత సోమవారం పేడ తెచ్చి, తొట్టికి చిల్లు ఎక్కడ వెయ్యాలి, ఎంత వెయ్యాలి అని అడగండి. నిజంగా అడగండి, ఆయన చెప్పినట్టే వెయ్యండి.

ఆయన ఆ రోజే ఆదివారం మాట ఎత్తొచ్చు. నెల దాకా ఎత్తకపోవచ్చు. ఈలోగా మీరు ఒక్కరే గట్టుకు పోతే, వచ్చేవారం నేనూ వస్తాననొచ్చు, లేదా నేను లేకపోయినా జరిగిపోతుందిలే అనుకోవచ్చు. మీ నాయన మనసు నాకన్నా మీకు తెలుసు. అది చూసుకుని నిర్ణయించుకోండి. గాలపు కర్ర మాత్రం మిద్దె మీద వదిలెయ్యకండి. వెదురు ఎండకు పగులుతుంది. ఈ సాయంత్రమే కిందికి తెచ్చి, ఆయన మంచం పక్కన గోడకు ఆనించి పెట్టండి.